కారుకి ఆండ్రాయిడ్ స్టీరియో కొంటున్నారా? సెట్టింగ్స్‌లో కనిపించే 8 జీబీని నమ్మకండి

12,500 రూపాయలు పోసి మా కారుకి టచ్‌స్క్రీన్ స్టీరియో పెట్టించాను. పెట్టె మీద 8 జీబీ ర్యామ్, 128 జీబీ స్టోరేజ్, ఆండ్రాయిడ్ 13 అని అచ్చేసి ఉంది. సెట్టింగ్స్ తెరిచి చూసినా అవే అంకెలు. మూడూ అబద్ధమని తెలియడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఈ వారం ఇలాంటిదే కొనబోతున్నవాళ్ళు మీలో ఎవరో ఒకరు ఉంటారని ఇది రాస్తున్నాను.

మాది 2016 వ్యాగన్ఆర్. విజయవాడలోనే ఉంటాం. ఉదయం పిల్లల్ని స్కూల్లో దింపి అటునుంచి ఆఫీసుకి వెళ్తాను, పదిహేను రోజులకోసారి ఖమ్మం మా అత్తగారింటికి వెళ్తాం. మాకు కావలసింది మ్యాప్స్, ఫోన్ కాల్స్, పాటలు, రివర్స్ కెమెరా. అంతే. కొనేముందు మూడు రకాలు చూసి ధరలు, అంకెలు కాగితం మీద పక్కపక్కన రాసుకున్నాను. ఒకటి పేరున్న బ్రాండ్‌ది, చిన్న తెర, ధర ఎక్కువ. మిగతా రెండూ 9 అంగుళాల ఆండ్రాయిడ్ పీసులు. వాటిలో ఎక్కువ ర్యామ్ ఉన్నదే మంచిదనుకుని దాన్ని తీసుకున్నాను. నేను పోల్చి చూసింది రెండు స్టీరియోలను కాదు, రెండు స్టిక్కర్లను. ఆ సంగతి అప్పుడు తట్టలేదు.

మొదటి వారం బాగానే ఉంది. తర్వాత మ్యాప్స్, పాటలు ఒకేసారి పెడితే పాట ఆగి ఆగి వచ్చేది. బెంజ్ సర్కిల్ దగ్గర ఫ్లైఓవర్ ఎక్కాలా, కిందినుంచి పోవాలా అని చూసుకునే సమయానికి తెర బిగుసుకుపోయేది. ఎండలో రెండు గంటలు నిలిపిన కారు ఎక్కితే టచ్ పనిచేసేది కాదు, ఏసీ పట్టాక మెల్లగా కదిలేది. ఇవన్నీ సర్దుకుపోయాను. కెమెరా విషయంలో మాత్రం సర్దుకోలేకపోయాను. ఒకరోజు మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో రివర్స్ గేర్ వేశాను. నాలుగైదు సెకన్లు నల్ల తెరే. బొమ్మ వస్తుంది కదా అని బండి మెల్లగా వెనక్కి వదిలాను. మా ఆవిడ ‘ఆపండి, ఆపండి’ అని అరిచింది. అప్పుడు వచ్చింది బొమ్మ. పై అంతస్తు వాళ్ళ పాప సైకిలు, బంపర్‌కి జానెడు దూరంలో. పాప అవతల పిల్లర్ దగ్గర నిలబడి ఉంది. ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత నాలుగు రోజులు తిరుపతి వెళ్ళొచ్చాం, రైల్లో. తిరిగొచ్చి కారు తాళం తిప్పితే టక్ టక్ మన్న శబ్దం తప్ప ఏమీ లేదు. బ్యాటరీ మార్చి ఏడాది కూడా కాలేదు. పక్కవాళ్ళ కారుతో జంప్ స్టార్ట్ చేసుకుని ఆటోనగర్‌లో నాకు ఎప్పట్నుంచో తెలిసిన ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన తాళం తీసేసి, బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీసి, మధ్యలో మల్టీమీటర్ పెట్టి పది నిమిషాలు ఆగమన్నాడు. బండి నిద్రపోవాలి, అప్పుడు చూడాలి అన్నాడు. పది నిమిషాల తర్వాత మీటర్‌లో 0.28 ఆంపియర్లు.

‘ఆపి ఉన్న బండి ఇంత తాగకూడదు బాబూ. 0.05 లోపు ఉండాలి’ అన్నాడు.

మా బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లది. 0.28 చొప్పున నాలుగు రోజులకు దాదాపు 27 పోయినట్టు. ఇంక స్టార్ట్ ఎలా అవుతుంది?

స్టీరియో ఫ్యూజు తీయగానే మీటరు 0.02కి పడిపోయింది. డ్యాష్‌బోర్డు ఫ్రేమ్ ఊడదీసి పెట్టెను ముందుకి లాగాడు. వెనక చూస్తే నాకు కడుపులో తిప్పినట్టయింది. కారుతో వచ్చిన కంపెనీ కప్లర్‌ని, అంటే వైర్లన్నీ కలిపి తగిలించే ప్లగ్గుని, కోసి పారేశారు. వైర్లను చేత్తో మెలిపెట్టి నల్ల టేపు చుట్టారు. ఎండకు టేపు జిగురు కరిగి జారిపోయింది, పసుపు వైరు రాగి తీగ బయటికి కనిపిస్తోంది. పసుపు వైరంటే బ్యాటరీ నుంచి నేరుగా, తాళం తీసినా కరెంటు ఉండే వైరు. అది బాడీకి తగిలి ఉంటే ఏం జరిగేదో ఆలోచించండి.

‘దీనికి రెడీమేడ్ హార్నెస్, అదే ప్లగ్గులు బిగించిన వైర్ల కట్ట, దొరుకుతుంది బాబాయ్, కొన్ని వందలేగా?’ అన్నాను.

‘దొరుకుతుంది. కోయడం తేలిక కాబట్టి కోశారు’ అన్నాడు.

బ్యాటరీ ఎందుకు తాగుతోందో కూడా ఆయనే పట్టుకున్నాడు. తాళం తీసినా స్టీరియో పూర్తిగా ఆగకుండా స్టాండ్‌బైలోనే ఉండేలా సెట్ చేసి ఉంది. దాన్ని మార్చి మళ్ళీ ఆన్ చేస్తే హోమ్ స్క్రీన్ రావడానికి 40 సెకన్లు పట్టింది. షాపులో రెండు సెకన్లలో వెలిగిన పెట్టె అసలు వేగం ఇదీ. ఆ నిదానం కనపడకుండా ఉండటానికే నా బ్యాటరీని పణంగా పెట్టారు.

ఆ రాత్రి స్టీరియోలో డివైస్ వివరాలు చూపించే యాప్ వేశాను. ఏపీఐ లెవెల్ 27 అని వచ్చింది. ఒక్కో ఆండ్రాయిడ్ వెర్షన్‌కి ఉండే నంబరు అది. ఆండ్రాయిడ్ 13కి అది 33 ఉండాలి. 27 అంటే ఆండ్రాయిడ్ 8.1. చిప్ పేరు 8227ఎల్. ఈ చిప్ పెట్టిన పీసుల్లో మామూలుగా ఉండేది 1 లేదా 2 జీబీ ర్యామ్, 16 లేదా 32 జీబీ స్టోరేజ్. సెట్టింగ్స్‌లో కనిపించే పేజీ తయారీదారు రాసుకున్న అక్షరాలే, ఏమైనా రాసుకోవచ్చు. ఖాయం చేసుకుందామని పెన్ డ్రైవ్ నుంచి సినిమాలు కాపీ చేశాను. ‘128 జీబీ’ పెట్టె 9 జీబీ దగ్గర ఆగిపోయింది.

షాపుకి వెళ్తే ‘సార్, అన్నీ ఇలాగే వస్తాయి, ఇంకో మూడు వేలు ఇస్తే మంచి పీసు వేస్తా’ అన్నాడు. కొన్నప్పుడు బిల్లు అడిగితే నాకిచ్చింది ఎస్టిమేట్ చీటీ. అప్పుడు జీఎస్టీ కలిస్తే ఎక్కువవుతుందన్నాడని నేనే ఊరుకున్నాను. వారంటీ కార్డు మీద ఏ కంపెనీ చిరునామా లేదు. నా పాత స్టీరియోను 500కి వాళ్ళకే ఇచ్చేశాను, అది కూడా లేదు. దయచేసి మీ పాతది ఎవరికీ ఇవ్వకండి, అటక మీద పడేయండి.

వాట్ల గురించి కూడా చెప్పాలి. నా పెట్టె మీద 60 వాట్లు × 4 అని ఉంది. కారు కరెంటు 14.4 వోల్టులు, స్పీకరు 4 ఓమ్‌లు. లెక్క కడితే స్టీరియో లోపలి యాంప్లిఫయర్ నుంచి శుభ్రమైన ధ్వని ఒక్కో స్పీకరుకు 26 వాట్లు కూడా దాటదు. పయనీర్ వాళ్ళు పెట్టె మీద 50 × 4 అని వేసినా మాన్యువల్‌లో 22 వాట్లు × 4 అని రాస్తారు. ఆ రెండో అంకె రాసేవాళ్ళని నమ్మండి.

మళ్ళీ కొనాల్సి వస్తే నేను 9 అంగుళాల ఆండ్రాయిడ్ పెట్టె జోలికి పోను. ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే ఉన్న బ్రాండెడ్ రిసీవర్ తీసుకుంటాను, తెర 7 అంగుళాలైనా సరే. అందులో మ్యాప్స్ నడిపేది మన ఫోన్, తెర చూపిస్తుందంతే. ఫోన్ అప్‌డేట్ అయితే మ్యాప్స్ కూడా అప్‌డేట్ అవుతాయి, స్టీరియోలో ఎంత ర్యామ్ ఉందన్న బాధే ఉండదు. కేబుల్‌తో పనిచేసేది చాలు. వైర్‌లెస్ ఆండ్రాయిడ్ ఆటో కావాలంటే మీ ఫోన్‌లో ఆండ్రాయిడ్ 11 లేదా ఆ పైది ఉండాలి.

లేదు, ఆండ్రాయిడ్ పెట్టే కావాలంటారా, చిప్ పేరు అడగండి. యూఐఎస్ 7862 లాంటి ఎనిమిది కోర్ల చిప్పులు ఉన్నవి నిజంగా బాగా నడుస్తాయి, ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. షాపులోనే మీ ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చి, యాప్ వేసి, చిప్ పేరు, ఏపీఐ లెవెల్ చూశాకే డబ్బు ఇవ్వండి. వద్దంటే లేచి వచ్చేయండి. పూర్తిగా ఆఫ్ చేయించి మళ్ళీ ఆన్ చేయించండి, సెకన్లు లెక్కపెట్టండి. బిగించేటప్పుడు పక్కనే నిలబడండి. కటింగ్ ప్లయర్ తీస్తే ఆపండి, కప్లర్‌కి కప్లర్ తగిలించే హార్నెస్ తెమ్మనండి.

నాకు మిగిలిన ఆధారాలు రెండే. యూపీఐ పేమెంట్, ఆ షాపు నుంచి వాట్సాప్‌లో వచ్చిన ‘8+128, ఆండ్రాయిడ్ 13, 12,500 ఫైనల్ సార్’ అనే మెసేజ్. అవి పెట్టి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను, డాకెట్ నంబర్ (ఫిర్యాదు నంబర్) వచ్చింది. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 5 లక్షల లోపు కొనుగోళ్ళకు అక్కడ ఫీజు లేదు. ప్రస్తుతానికి బాబాయ్ వైర్లన్నీ విప్పి, కొత్త హార్నెస్ వేసి, స్టీరియో ఫ్యూజు తీసేశాడు. సెల్లార్‌లో వెనక్కి తీసేటప్పుడు మా ఆవిడో, పిల్లలో దిగి చూస్తున్నారు.