స్లైడ్‌అవుట్ లోపలికి రానని మొరాయిస్తే: రెండు స్లైడ్ల ట్రైలర్‌తో మా అనుభవం

మా ట్రైలర్‌కి రెండు స్లైడ్‌అవుట్లు, అంటే బండి ఆపాక బటన్ నొక్కితే గోడతో సహా బయటికి జరిగి చోటు పెంచే గది భాగాలు. హాల్లోది పెద్దది. సోఫా, డైనింగ్ టేబుల్ రెండూ దాంతోపాటే బయటికి జరుగుతాయి. పడకగదిలోది చిన్నది, బట్టల అల్మరా ఒక్కటే దాని మీద ఉంటుంది. బండి ఒకటే అయినా ఈ రెంటినీ నడిపే యంత్రాలు వేరు, వాటి గుణాలూ వేరు. మేముండేది డాలస్ దగ్గర. టెక్సస్ స్టేట్ పార్కులకీ, అప్పుడప్పుడు ఆర్కన్సా, న్యూ మెక్సికో వైపుకీ ఈ బండిని లాక్కెళ్తూ కొన్నేళ్లుగా వాడుతున్నాం. ఆర్వీ (ఇలా ఇల్లులా ఉండే ప్రయాణపు బండి) కొందామనుకునే మనవాళ్లు ఏసీ బాగా పనిచేస్తుందా, బాత్రూం ఇరుకా, మైలేజీ ఎంత అని అడుగుతుంటారు. బయటికి వెళ్లిన గది తిరిగి లోపలికి రాకపోతే ఏం చేస్తారని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. నన్నడిగితే కొనేముందు తేల్చుకోవాల్సింది అదే.

ముందు మంచి సంగతి. స్లైడ్ లేని ట్రైలర్‌లో మళ్లీ ఉండమంటే నావల్ల కాదు. వేసవిలో అమ్మానాన్న వచ్చినప్పుడు ఆ మూడడుగుల తేడా తెలుస్తుంది. అమ్మ స్టవ్ దగ్గర పోపు వేస్తుంటే నాన్న వెనక నుంచి నీళ్ల సీసా తీసుకుని హాయిగా వెళ్లిపోతారు, పిల్లలు టేబుల్ దగ్గర పేకాట ఆడుకుంటారు, ఎవరూ ఎవరికీ అడ్డం రారు. అదే స్లైడ్ లోపల ఉన్నప్పుడు మా ఫ్రిజ్ తలుపు సగమే తెరుచుకుంటుంది, బాత్రూంకి పక్కకి తిరిగి నడవాలి. దారిలో రెస్ట్ ఏరియాలో ఆగి అన్నం తిందామన్నా ఇదే అవస్థ. అందుకే డీలర్ దగ్గర బండి చూసేటప్పుడు స్లైడ్లు లోపలికి వేయించి ఒకసారి నడిచి చూడండి. తెరిచి ఉంచితే ఏ బండైనా బంగళాలాగే కనిపిస్తుంది.

ఇక అసలు గొడవ. ఏసీ చెడిపోతే చెమటలు కక్కుతూనైనా ఇంటికి చేరొచ్చు. స్లైడ్ బయట ఇరుక్కుంటే బండి అంగుళం కదలదు. అమెరికాలో చాలాచోట్ల హైవే మీద వాహనం వెడల్పు 102 అంగుళాలు దాటకూడదు. చాలా ట్రైలర్లు స్లైడ్ మూసి ఉన్నప్పుడే దాదాపు అంత వెడల్పు ఉంటాయి. పార్కులో మనకిచ్చిన క్యాంప్‌సైట్ ఖాళీ చేసే వేళ అవుతుంటుంది, తర్వాత బుక్ చేసుకున్నవాళ్లు వచ్చేస్తారన్న టెన్షన్ మొదలవుతుంది. మాకు అలా జరిగినప్పుడు డీలర్ సర్వీసుకి ఫోన్ చేస్తే, బండి తీసుకొచ్చి వదలండి, చూడ్డానికి కొన్ని వారాలు పడుతుంది అన్నారు. గది బయటికి పొడుచుకొని ఉన్న బండిని ఎలా తెచ్చి వదలాలో మాత్రం చెప్పలేదు.

ఆ సంఘటన అమరిల్లో దగ్గర పాలో డ్యూరో కాన్యన్‌లో. ఎర్రటి లోయ, కిందికి దిగే రోడ్డు బాగా వాలు, గాలి లేచిందంటే ఎర్రదుమ్ము సందుసందులోకీ దూరుతుంది. బయల్దేరే రోజు పొద్దున బటన్ నొక్కితే హాల్లో స్లైడ్ సగం దాకా వచ్చి, మూలిగి ఆగిపోయింది. మళ్లీ నొక్కితే టక్ టక్‌మని రిలే చప్పుడే తప్ప కదలిక లేదు. నాన్న బయట కుర్చీలో కూర్చుని చూస్తున్నారు. "ఏరా, ఇల్లు ఇరుక్కుపోయిందా?" అన్నారు. ముందు దుమ్మునే అనుమానించాను. గదిని జరిపే, బండి కింద ఉన్న పళ్ల కడ్డీల మీద మట్టి పేరుకుంది, బ్రష్‌తో దులిపాను. ఏమీ మారలేదు. మీటర్ పెట్టి చూస్తే బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తోంది, అంటే నిండుగా ఉన్నట్టే.

నాన్న కరెంటాఫీసులో చేసి రిటైరయ్యారు. "బ్యాటరీ దగ్గర చూస్తే ఏం తెలుస్తుందిరా, మోటార్ దగ్గర చూడు. ఊరికే కాదు, లోడ్ మీద చూడు. ముందు ఎర్త్ చూడు" అన్నారు. మా అబ్బాయిని లోపల బటన్ నొక్కి పట్టుకోమని, నేను కింద పడుకుని మోటార్ తీగల దగ్గర మీటర్ పెట్టాను. పది వోల్టులు కూడా లేదు. బటన్ నొక్కి ఉంచినప్పుడే బ్యాటరీ మైనస్‌కీ మోటార్ మైనస్ తీగకీ మధ్య చూస్తే రెండు వోల్టుల పైనే చూపించింది. అక్కడ దాదాపు సున్నా ఉండాలి. తీగ వెంబడి వెళ్తే చివర ఛాసిస్ (బండి చట్రం) ఇనుముకి బిగించిన స్క్రూ దొరికింది, నాన్న అన్న ఎర్త్ అదే. కింద పెయింట్, పైన తుప్పు, వేలితో తిప్పితే కదులుతోంది. బ్యాటరీ తీగ తీసేసి, ఆ చోటు ఇనుము మెరిసేదాకా ఉప్పుకాగితంతో గీకి, పళ్ల వాషర్ వేసి గట్టిగా బిగించాను. బ్యాటరీ మళ్లీ కలిపి బటన్ నొక్కితే గది ఏమీ ఎరగనట్టు లోపలికి వచ్చేసింది.

అప్పటి నుంచి ఎవరి స్లైడ్ ఆగినా నా మొదటి అనుమానం కరెంటు మీదే, మోటార్ మీద కాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. పార్కులో 30 ఆంప్ ప్లగ్ పెట్టాం కదా, కరెంటుకి ఏం లోటు అంటారు. స్లైడ్ మోటార్ తినేది 12 వోల్టుల డీసీ. ప్లగ్ నుంచి వచ్చే కరెంటుని కన్వర్టర్ మార్చి ఇస్తుంది. మోటార్ కదిలే మొదటి క్షణంలో గుంజే ఆంపియర్లు మాత్రం చాలా బండ్లలో బ్యాటరీ నుంచే రావాలి. బ్యాటరీ చచ్చి ఉంటే ప్లగ్ పెట్టినా స్లైడ్ నీరసంగా కదులుతుంది, లేదా కదలదు. ఇంకో చిత్రం, బ్యాటరీ డిస్కనెక్ట్ స్విచ్. స్టోరేజీలో పెట్టేటప్పుడు ఆఫ్ చేసి, మళ్లీ ఆన్ చేయడం మర్చిపోయి, మోటార్ కాలిపోయిందని బెంబేలెత్తినవాళ్లని చూశాను. మన కాలనీల్లో చాలావాటిలో హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లు ఇంటి ముందు ఆర్వీ పెట్టనివ్వరు కాబట్టి బండి స్టోరేజీలోనే ఎండకి పడి ఉంటుంది, బ్యాటరీ దిగిపోవడం మామూలే. బ్యాటరీ బలహీనంగా ఉందని తేలితే ట్రక్ ఇంజిన్ ఆన్ చేసి, జంపర్ కేబుళ్లతో ట్రైలర్ బ్యాటరీకి కలిపి ప్రయత్నించండి. చాలాసార్లు అంతటితో పని అయిపోతుంది. బ్యాటరీ దగ్గరే ఉండే చిన్న సర్క్యూట్ బ్రేకర్‌ని కూడా చూడాలి. కొన్ని వాటంతటవే రీసెట్ అవుతాయి, వేడెక్కితే కాసేపు ఆగాలి. మోటర్‌హోమ్ (ఇంజిన్ తనలోనే ఉండే ఆర్వీ) అయితే ఇగ్నిషన్, పార్కింగ్ బ్రేక్ ఎలా ఉండాలో కంపెనీ ఒక షరతు పెడుతుంది, అది కుదరకపోతే బటన్ పలకదు.

కరెంటు బాగానే ఉన్నా కదలకపోతే చేత్తో తిప్పుకోవాలి. హాల్లో స్లైడ్ మాకు నచ్చింది ఇందుకే. అది ఛాసిస్ కింద పళ్ల కడ్డీ, పళ్ల చక్రం మీద నడిచే రకం. మోటార్ వెనక ఒక చిన్న లీవర్ ఉంటుంది. దాన్ని తిప్పితే బ్రేక్ వదులుతుంది. చక్రాల వెనక, రబ్బరు మూత కింద ఆరు పలకల కడ్డీ చివర కనిపిస్తుంది. మా దానికి ముప్పావు అంగుళం సాకెట్ సరిపోయింది. రాచెట్‌తో తిప్పుతుంటే గది చీమ నడకలా వస్తుంది కానీ వస్తుంది. డ్రిల్ పెట్టేవాళ్లు తక్కువ వేగంలోనే పెట్టాలి. చుట్టూ రబ్బరు సీల్ అదిమిందనగానే ఆపేయాలి. లీవర్‌ని మళ్లీ యథాస్థానంలో పెట్టడం మాత్రం మరవకండి. పెట్టకపోతే రోడ్డు మీద గది మెల్లగా బయటికి జారే ప్రమాదం ఉంది. మోటార్ తిరుగుతున్న చప్పుడు వినిపిస్తూ గది మాత్రం కదలట్లేదంటే మోటార్‌ని కడ్డీకి కలిపే కప్లింగ్‌లోని పిన్ను విరిగి ఉండొచ్చు. అదనపు బరువు పడినప్పుడు మోటార్ పాడవకుండా విరగడానికే కొన్ని బండ్లలో దాన్ని పెడతారు.

పడకగది స్లైడ్ సంగతి వేరే. గది అంచుల్లో, గోడ మందంలో ఇమిడిపోయే యంత్రం. ఇటు ఒక చిన్న మోటార్, అటు ఒకటి. రెండూ ఎంతెంత తిరిగాయో కంట్రోలర్ లెక్క చూసుకుంటూ ఉంటుంది. లెక్క తప్పితే ఆపేస్తుంది. బండి కింద ఏమీ వేలాడదు, బరువు తక్కువ, కాబట్టి కంపెనీలకి ముద్దు. వాడేవాళ్లకి మాత్రం ఓపిక కావాలి. గది లోపలికి వచ్చేసినట్టు కనిపించగానే వేలు తీసేయడం అందరికీ అలవాటు. దీనితో అది కుదరదు. రెండు మోటార్లూ వాటంతటవే ఆగేదాకా నొక్కి ఉంచాలి, అప్పుడే అవి రెండూ ఒక లెక్కలోకి వస్తాయి. మాది అడపాదడపా ఒక వైపు ముందు, ఒక వైపు వెనక అయి వంకరగా ఆగుతుంది. అప్పుడు బటన్‌ని అటూ ఇటూ టపటపా కొట్టకూడదు. ఒకసారి పూర్తిగా బయటికి పంపి, ఆగేదాకా పట్టుకుని, తర్వాత లోపలికి తెస్తే చాలాసార్లు సర్దుకుంటుంది.

సర్దుకోకపోతే కంట్రోలర్ పెట్టె వెతకాలి. మాది మంచం కింద పలక వెనక ఉంది. ఎర్ర లైటు ఎన్నిసార్లు మెరుస్తుందో లెక్కపెడితే లోపం ఏమిటో మాన్యువల్ చెబుతుంది. మా కంట్రోలర్ మీద మోడ్ అని చిన్న బటన్ ఉంది. దాన్ని గబగబా ఆరుసార్లు నొక్కి, ఏడోసారి ఐదు సెకన్లు పట్టుకుంటే ఎర్ర లైటు, పచ్చ లైటు రెండూ మెరుస్తాయి. అప్పుడు కంట్రోలర్ తప్పులు పట్టడం ఆపేసి, గోడ మీద స్విచ్ చెప్పినట్టు వింటుంది. మీ బండిలో ఇదే పద్ధతో కాదో మాన్యువల్‌లో చూసుకోండి. అదీ పనిచేయకపోతే రెండు మోటార్ల ప్లగ్గులూ కంట్రోలర్ దగ్గర పీకేసి, చెరో వైపూ నిలబడి గదిని సమానంగా తోయాలి. ఒకవైపే తోస్తే పళ్లు అరిగిపోతాయి. లోపలికి వచ్చాక ప్లగ్గులు మళ్లీ పెట్టాలి, పెడితేనే మోటార్లు గదిని పట్టుకుంటాయి. చదవడానికి తేలికే. టెక్సస్ జులై ఎండలో మంచం ఎత్తి, టార్చ్ నోట కరుచుకుని చేస్తే తెలుస్తుంది.

మా స్నేహితుడి ఫిఫ్త్‌వీల్‌ది (పికప్ ట్రక్ తొట్టిలో తగిలించి లాగే పెద్ద ట్రైలర్) హైడ్రాలిక్ రకం, అంటే నూనె ఒత్తిడితో నడిచేది. పెద్ద బరువులు అవలీలగా లాగుతుంది. దానికి నూనె మట్టం చూడాలి, స్లైడ్లన్నీ లోపల ఉన్నప్పుడే చూడాలి. అతని పంపు మీద మూత తీస్తే డ్రిల్ పెట్టి తిప్పే చోటు ఉంది. అంతకు మించి దాని గురించి చెప్పేంత నేను వాడలేదు.

అసలు లోపమే లేకుండా ఆగే సందర్భాలు కూడా తక్కువేం కావు. సొరుగు సగం తెరిచి ఉండటం, సోఫా కింద పిల్లల చెప్పు, నేల అంచున దొర్లిన పప్పు డబ్బా. మా ఇంట్లో ఇప్పుడు బటన్ నొక్కేముందు ఒకరు లోపల వంగి చూడాలి, ఒకరు బయట నిలబడాలి, పిల్లలు మెట్ల దగ్గరే ఉండాలి. పైకప్పు సంగతి ఎవరికీ గుర్తుండదు. చెట్టు కింద ఆపితే స్లైడ్ నెత్తిన పుల్లలు, ఆకులు పడి ఉంటాయి, వాటితో సహా లోపలికి లాగితే సీల్ చిరుగుతుంది. నిచ్చెన వేసి చీపురుతో ఊడ్చాకే మూయాలి. బండి నెలల తరబడి ఎండలో ఉంటే రబ్బరు సీల్ గోడకి అతుక్కుంటుంది. సీల్‌కి ఆర్వీ షాపుల్లో దొరికే కండిషనర్, పళ్ల కడ్డీకి పొడిగా ఆరిపోయే లూబ్రికెంట్ వాడుతున్నాను. గ్రీజు పూస్తే పాలో డ్యూరో దుమ్ము మొత్తం దానికే అంటుకుంటుంది.

ఏది కొనాలని అడిగితే, హాల్లో ఒకే ఒక్క పెద్ద స్లైడ్, కింద పళ్ల కడ్డీ రకం ఉన్న బండి చూడండి. పడకగది స్లైడ్ ఇచ్చే చోటు కన్నా పెట్టే చిరాకు ఎక్కువ. అల్మరా కాస్త చిన్నదైతే కొంపలేం మునగవు. హాల్లో దానికి ఐదుకి నాలుగున్నర ఇస్తాను, పడకగది దానికి రెండు, అదీ బాగా పనిచేసిన రోజుల్ని తలుచుకుని.

కాగితాల మీద సంతకం పెట్టేముందు సేల్స్‌మన్‌ని బ్యాటరీ డిస్కనెక్ట్ చేయమని, గదిని చేత్తో లోపలికి తెచ్చి చూపించమని అడగండి. మా వాడు నవ్వి, సర్వీసు వాళ్లని పిలవాలన్నాడు. పిలిపించాను. లీవర్ ఎక్కడుందో వెతకడానికే వాళ్లకి చాలా సేపు పట్టింది. ఆ చోటు ఫొటో తీసి ఫోన్లో పెట్టుకున్నాను. ఆ సాకెట్ ఇప్పటికీ ట్రక్ వెనక సీటు కింద, మీటర్ పక్కనే ఉంటుంది.