ఒకే మార్కా, ముక్కలు ముక్కలుగానా?

తిరుపతిలో తొమ్మిదో తరగతికి పాఠాలు చెప్తాను. పిల్లలు లేచి మూడేసి నిమిషాలు మాట్లాడితే మార్కులు ఎలా వేయాలన్నదే నా తలనొప్పి, రెండు పద్ధతులూ వాడి చూశాను.

ఒకటి, విని పదికి ఒక అంకె వేసేయడం. త్వరగా తేలిపోతుంది, మాలో చాలామంది చేసేదీ ఇదే. కానీ గలగలా మాట్లాడేవాడికి సరుకు లేకపోయినా ఎనిమిది పడిపోతుంది. ఒక్క మంచి లక్షణం చూసి మిగతావన్నీ బాగున్నాయనుకోవడం గురించి అమెరికా మనస్తత్వవేత్త థార్న్‌డైక్ 1920లోనే రాశాడు, దాన్నే హేలో ఎఫెక్ట్ అంటారు.

రెండోది రూబ్రిక్, అంటే ఏ అంశానికి ఎన్ని మార్కులో గడులుగా విడగొట్టిన పట్టిక: విషయానికి 4, చెప్పిన వరుసకు 2, గొంతుకు 2, ప్రశ్నలకు జవాబులకు 2. మొన్న ఒకబ్బాయి శేషాచలం ఎర్రచందనం గురించి చెప్పాడు, కళ్లు కాగితం మీదే, గొంతు మూడో బెంచీ దాటలేదు. పాత పద్ధతిలో నాలుగిచ్చి కూర్చోబెట్టేవాణ్ని. "మరి చిన్న చెట్లు నరికితే ఏం లాభం?" అని అడిగితే తలెత్తి, "ధర లోపలి చేవకే సార్, అది పట్టడానికి ఏళ్లు కావాలి" అన్నాడు. 4, 1, 0, 2... ఏడు! ఎక్కడ పోయాయో కూడా వాడికి తెలిసింది.

అయితే గడులు నింపుతూ కూర్చుంటే పిల్లాడి ముఖమే చూడం, నాలుగు గడులు దాటితే మరీ నరకం. ఆరో తరగతి పిల్లలకైతే ఒకే మార్కు, పక్కన ఒక మంచి మాట చాలు. పెద్దవాళ్లకు నా ఓటు రూబ్రిక్‌కే, కాకపోతే వారం ముందే బోర్డు మీద రాసి చూపించాలి.