హై ప్యూరిటీ జెర్మేనియం డిటెక్టర్: విశ్వవిద్యాలయ ప్రయోగశాలకు తగినదేనా?
విశ్వవిద్యాలయంలో అణుకేంద్రక ప్రయోగాల కోసం గామా కిరణాలను కొలిచే పరికరం ఒక్కటే కొనగలిగితే, అది హై ప్యూరిటీ జెర్మేనియం (అత్యంత శుద్ధమైన జెర్మేనియం స్ఫటికంతో చేసిన) డిటెక్టరే కావాలని నా దృఢాభిప్రాయం. సీసియం-137 వెలువరించే 662 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల (ఇది శక్తి కొలమానం) గామా రేఖ సోడియం అయొడైడ్‌ డిటెక్టర్‌లో సుమారు 7 శాతం, అంటే 45 కిలో ఎలక్ట్రాన్‌వోల్టులకు పైబడిన వెడల్పుతో కనిపిస్తుంది; రేఖ ఎంత సన్నగా ఉంటే శక్తిని అంత కచ్చితంగా కొలిచినట్టు. అదే జెర్మేనియంలో, కోబాల్ట్-60 విడుదల చేసే 1332 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల రేఖ వెడల్పు సైతం దాదాపు 2 కిలో ఎలక్ట్రాన్‌వోల్టులకు మించదు. ఒక ఎలక్ట్రాన్-హోల్ జంట (విడివడిన ఎలక్ట్రాన్, అది వదిలిన ఖాళీ) ఏర్పడటానికి ఇందులో సుమారు 3 ఎలక్ట్రాన్‌వోల్టులే చాలు కనుక, 662 రేఖకు చెందిన ఒక్క ఫోటాన్ తన శక్తినంతా స్ఫటికంలో వదిలితే రెండు లక్షలకు పైగా జంటలు పుడతాయి, మొత్తంతో పోలిస్తే గణాంక హెచ్చుతగ్గులు ఆ మేరకు తగ్గుతాయి. పక్కపక్కనే ఉన్న రేఖలు విడివిడిగా నిలబడటం విద్యార్థికి ఎంతో ఆనందాన్నిస్తుంది.

అయితే దీనికి నిత్య సంరక్షణ అవసరం. 77 కెల్విన్ల ద్రవ నైట్రోజన్ గాని, విద్యుత్ శీతలీకరణ గాని లేనిదే ఇది పనిచేయదు. స్ఫటికం వెచ్చబడినప్పుడు అధిక వోల్టేజీని తానే నిలిపివేసే రక్షణ ఏర్పాటు లేని నమూనాను నేను సిఫారసు చేయను. న్యూట్రాన్ల మధ్య వాడదలచినవారు, ఆ తాకిడిని మెరుగ్గా తట్టుకునే ఎన్-రకం (ఎలక్ట్రాన్లే ప్రధాన వాహకాలుగా ఉండే) జెర్మేనియాన్నే ఎంచుకోవాలి.