నాసిక్‌లో వైన్ విందు, గచ్చిబౌలిలో బీరు విందు

ఇంట్లో త్ర్యంబకేశ్వరం అని చెప్పి బయల్దేరాం. అబద్ధమేం కాదు, మొదటి రోజు పొద్దున్నే దర్శనం చేసుకున్నాం కూడా. కానీ నేనూ మా బావా దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కింది మర్నాటి రాత్రి నాసిక్‌లో విందు కోసం. ఐదు వంటకాలు, ఒక్కోదానికీ ఒక్కో వైన్.

బస గంగాపూర్ డ్యామ్ దగ్గర. కిటికీ తీస్తే గోదావరి నీళ్లు. రాజమండ్రిలో అంత వెడల్పున పారే నది ఇక్కడ ఇంకా చిన్నపిల్లలా ఉంది. గది శుభ్రంగానే ఉంది గానీ వేడినీళ్లు ఎనిమిదింటికే బంద్.

వెళ్తే ఫిబ్రవరిలోనే వెళ్లండి. ఐరోపాలో ద్రాక్ష కోత సెప్టెంబరు ప్రాంతంలో, నాసిక్‌లో జనవరి నుంచి మార్చి దాకా. తీగను ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు, పంట మాత్రం ఒక్కటే తీస్తారు. పగలు సులా తోటకి వెళ్లాం. 1999లో మొదలైన వైనరీ అది. స్టీలు ట్యాంకులు, ఓక్ పీపాలు చూపించి, గ్లాసు ఎలా తిప్పాలో, ఎలా వాసన చూడాలో నేర్పారు. రాత్రి విందుకి ఆ పాఠం పనికొచ్చింది.

విందు ఊళ్లో ఇంకో రెస్టారెంట్‌లో. పేరు చెప్పను, ఎందుకో మీకే తెలుస్తుంది. రెండో వంతుకి రొయ్యల కోలివాడా, పక్కన చెనిన్ బ్లాంక్ అనే చల్లటి తెల్ల వైన్. గ్లాసు బయట చెమట పట్టి ఉంది. రొయ్య కారం నాలుక మీద ఉండగానే గుటక వేస్తే, ఆ కొంచెం తీపి కారాన్ని మెత్తగా తుడిచేసింది. బావ ఏం మాట్లాడలేదు, ఖాళీ గ్లాసు ముందుకి జరిపాడు.

నాలుగో వంతుకి కొల్హాపురి మటన్‌తో షిరాజ్ అనే ఎర్ర వైన్. దీనికి ముందు నలభై నిమిషాలు కూర్చోబెట్టారు. వైన్ మాత్రం ముందే పోసి వెళ్లారు, అది గోరువెచ్చనైంది. ముక్క తిని గుటక వేశానా, చెవుల్లోంచి పొగలే. ఎర్ర వైన్‌లోని వగరు, ఆల్కహాలు రెండూ కలిసి కారాన్ని ఎగదోస్తాయి. ఎందుకు జత చేశారని అడిగితే వెయిటర్ కాగితం చూసి చదివాడు. చివరికి బావే, "ఆ తెల్లది ఇంకో గ్లాసు తే తమ్ముడూ" అని హిందీలో బతిమాలాడు. పాపం తెచ్చాడు, మటన్ గట్టెక్కింది.

సంక్రాంతి తర్వాత గచ్చిబౌలిలో ఒక మైక్రోబ్రూవరీలో చేసిన బీరు విందు గుర్తొచ్చింది. అక్కడ బీరు కాచినాయనే బల్ల దగ్గరికొచ్చి మాట్లాడాడు. అపోలో ఫిష్‌కి గోధుమ బీరు ఇచ్చాడు. అందులో అరటిపండు, లవంగం వాసన వస్తే ఏదో కలిపారనుకున్నా. కాదట, బీరుని పులియబెట్టే ఈస్ట్ చేసే పని. డబుల్ కా మీఠాకి స్టౌట్ అనే నల్లటి బీరు అనగానే నవ్వాం. తిన్నాక నవ్వలేదు, కాఫీ లాంటి ఆ చేదు పంచదార పాకాన్ని అదుపులో పెట్టింది. బిర్యానీతో ఇచ్చిన ఐపీఏ అనే చేదు బీరు మాత్రం దండగ. అంత చేదు మన మిరపకాయ మంటని పెంచుతుందే తప్ప తగ్గించదు. పైగా ఆరు గ్లాసుల బీరుకి కడుపు ఉబ్బి బిర్యానీ సగం పార్సిల్.

నా ఓటు గచ్చిబౌలికే. నాసిక్‌లోనే తినాలనుకుంటే బుక్ చేసేముందు మెనూ అడిగి, కారం వంటకాలకి తెల్ల వైన్ మార్చుతారా అని కనుక్కోండి.

బిల్లు కూడా చూసుకోండి. తిండికి జీఎస్టీ, మందుకి రాష్ట్రం వ్యాట్, రెండూ వేరు. సర్వీస్ చార్జ్ తప్పనిసరి కాదు. తీసేయమంటే మాకు మారుమాట లేకుండా తీసేశారు. తిరుగు కారు మాత్రం ముందే మాట్లాడుకోండి. నాసిక్‌లో రాత్రి పదకొండుకి డ్యామ్ వైపు తిరిగి వెళ్లడానికి పిలిచిన క్యాబ్‌లు మూడు క్యాన్సిల్ అయ్యాయి. నాలుగోది వచ్చేసరికి బావకి మత్తు దిగి మళ్లీ ఆకలేసింది.