నైట్రాక్స్ ఆన్‌లైన్ కోర్సు: బరంపురం నుంచి ఒక సమీక్ష

గోపాలపురం తీరంలో పుట్టి పెరిగిన మా చిన్నాన్నగారి అబ్బాయి స్కూబా డైవింగ్‌లో ప్రాథమిక శిక్షణ ముగించి, ఎన్‌రిచ్డ్ ఎయిర్, అంటే నైట్రాక్స్ కూడా నేర్చుకుంటానంటే, బరంపురంలో మా ఇంట్లోనే కూర్చుని ఇద్దరం ఒక ఆన్‌లైన్ కోర్సు చేశాము. మూడు సాయంత్రాల్లో పాఠాలు పూర్తయ్యాయి. విషయం వివరించడంలో ఆ కోర్సు మెచ్చదగినదే కాని, సిలిండర్‌లోని వాయువును స్వయంగా పరీక్షించుకోవడం నేర్పడంలో మాత్రం బాగా వెనుకబడింది.

మా వైపు డైవర్ వీపున ఉండేదాన్ని అందరూ ‘ఆక్సిజన్ సిలిండర్’ అనే అంటారు. అందులో మామూలుగా ఉండేది 21 శాతం ఆక్సిజన్ ఉన్న గాలేనని మొదటి పాఠమే తేటతెల్లం చేసింది. నైట్రాక్స్‌లో ఆ ఆక్సిజన్‌ను సాధారణంగా 32 శాతానికో 36 శాతానికో పెంచుతారు. నైట్రోజన్ ఆ మేరకు తగ్గి శరీరంలో తక్కువగా కరుగుతుంది కాబట్టి నీటి అడుగున ఎక్కువసేపు ఉండవచ్చు. 32 శాతం మిశ్రమంతో 18 మీటర్ల లోతున ఉన్నా, నైట్రోజన్ లెక్కలో మామూలు గాలితో 14 మీటర్ల దగ్గర ఉన్నట్టే. అయితే ఎక్కువసేపు ఉండవచ్చు గాని ఎక్కువ లోతుకు వెళ్ళకూడదు. ఈ తేడాను కోర్సు పదేపదే గుర్తుచేయడం నాకు ఎంతో నచ్చింది. ఆక్సిజన్ పాక్షిక పీడనం, అంటే మొత్తం పీడనంలో ఆక్సిజన్ వంతు, 1.4 బార్ దాటకుండా ఉండాలంటే 32 శాతానికి 33 మీటర్లు, 36 శాతానికి 28 మీటర్లు హద్దు. అది మీరితే ఏ ముందస్తు సూచనా లేకుండా మూర్ఛ రావచ్చు. ఆ స్థితిలో సిలిండర్ గాలిని అందించే రెగ్యులేటర్ నోటిలోంచి జారిపోతే ప్రాణానికే ముప్పు.

పాఠాలు తెలుగులో లేవు, ఒడియాలోనూ లేవు. ‘పాక్షిక పీడనం’ దగ్గర తమ్ముడు ఆగిపోతే, పైనున్న గాలిది ఒక బార్, నీటిలో ప్రతి 10 మీటర్లకు ఇంకో బార్, కాబట్టి 18 మీటర్ల దగ్గర మొత్తం 2.8 బార్, అందులో నూటికి 32 వంతులంటే సుమారు 0.9 అని కాగితం మీద వేసి చూపించవలసి వచ్చింది. పరీక్షలో తప్పు జవాబు ఇస్తే అదే ప్రశ్న వెంటనే మళ్ళీ వస్తుంది. తెలియనివాడు కూడా గట్టెక్కిపోతాడు.

సిలిండర్‌లోని ఆక్సిజన్ శాతాన్ని కొలిచే అనలైజర్ గురించి చూపినది ఒక చిన్న వీడియో మాత్రమే. అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లో మాకు ఇచ్చిన సిలిండర్ చీటీపై 32 అని రాసి ఉంది. అక్కడి శిక్షకురాలు ముందుగా అనలైజర్‌ను మామూలు గాలిలో 20.9కి సరిచేయించి, వాల్వ్‌ను కొద్దిగా మాత్రమే తిప్పించి, అంకె నిలకడగా ఆగేవరకు తొందరపడవద్దన్నారు. అంకె 34 దగ్గర ఆగింది. రెండు శాతమే తేడా అనిపించినా, దానితో మా హద్దు 33 నుంచి 31 మీటర్లకు తగ్గింది. ఆ అరగంటలో చేతికి వచ్చిన పని మూడు సాయంత్రాల పాఠాల్లో ఎక్కడా రాలేదు. ఈ కోర్సు తీసుకోదలచినవారు, సర్టిఫికెట్ ఇచ్చే ముందు అనలైజర్ మీ చేతికిచ్చి పరీక్ష చేయించే డైవ్ సెంటర్‌ను డబ్బు కట్టకముందే మాట్లాడి పెట్టుకోండి.

తమ్ముడు పాత చీటీ తీసేసి, కొత్తదాని మీద 34 శాతం, 31 మీటర్లు, ఆనాటి తేదీ, తన పేరు రాసి, నీటిలో లోతును, సమయాన్ని లెక్కగట్టే డైవ్ కంప్యూటర్‌లోనూ 34 పెట్టుకున్న తర్వాతే శిక్షకురాలు మమ్మల్ని పడవ ఎక్కనిచ్చారు.