ఇంటి దగ్గరే ఓటు: గుంటూరులో మా అమ్మమ్మకు అందిన సేవ

పెద్దవాళ్ల ఓటు కోసం ఎన్నికల సిబ్బంది ఇంటికే వస్తారు కదా, అది నిజంగా రహస్యంగా ఉంటుందా అని బంధువులు అడుగుతూనే ఉన్నారు. 2024 ఎన్నికల్లో బ్రాడీపేటలో మా అమ్మమ్మ అలాగే ఓటు వేసింది. నేనైతే ఐదుకి నాలుగు ఇస్తాను.

ఈ సదుపాయం 85 ఏళ్లు దాటినవాళ్లకు, 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్లకు. బీఎల్వో (మన బూత్ ఓటర్ల జాబితా చూసే అధికారి) ఇచ్చిన 12డి ఫారం, అంటే ఇంటి దగ్గర ఓటుకు దరఖాస్తు, నింపి ఇచ్చాం. సిబ్బంది ఏ రోజు వస్తారో ముందే చెప్పారు గానీ టైం చెప్పలేదు. పొద్దుటి నుంచీ ఇల్లంతా టెన్షన్.

చివరికి ఇద్దరు పోలింగ్ అధికారులు, వీడియో తీసే అబ్బాయి, ఒక కానిస్టేబుల్ వచ్చారు. అసెంబ్లీకి ఒకటి, లోక్‌సభకు ఒకటి, రెండు బ్యాలెట్లు. టేబుల్ మీద అట్ట అడ్డు పెట్టారు. అమ్మమ్మ చెయ్యి వణుకుతుందని మామయ్య పెన్ను పట్టుకుని పక్కన కూర్చోబోయాడు. చూపులేనివాళ్లు, చేత్తో గుర్తు పెట్టలేనివాళ్లు తోడు తెచ్చుకోవచ్చని రూల్ ఉంది. కానీ అధికారిణి ముందు అమ్మమ్మనే అడిగింది: "మామ్మగారూ, మీరే వేసుకోగలరా?" అమ్మమ్మ, "నువ్వు వరండాలోకి పోరా, నా ఓటు నేనేసుకుంటా" అంది. అంతే, అందరినీ బయటికి పంపేశారు. ఇంట్లో ఓటంటే నా భయమంతా ఇదే. పోలింగ్ బూత్‌లో మామూలుగా కొడుకైనా కోడలైనా తెర దాటి రాలేరు, ఇంట్లో అలా కాదు. ఆ అధికారిణి అడిగిన ఒక్క ప్రశ్నకే మూడు స్టార్లు ఇచ్చేయొచ్చు.

ఒక స్టార్ తగ్గించింది కెమెరా వల్ల. ఓటు వేసేది తప్ప మిగతాదంతా వీడియో తీయాలి. ఆ అబ్బాయి మాత్రం అమ్మమ్మ వెనకాలే నిలబడ్డాడు. వరండాలోంచి నేను గట్టిగా అడిగితే గుమ్మం వైపుకి జరిగాడు. అడగకపోతే? ఇది సిబ్బందికి ముందే నేర్పి పంపాల్సిన విషయం.

1957 లోక్‌సభ ఎన్నికల్లో మొదటిసారి ఓటేసిన మనిషి ఆమె. అప్పట్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె ఉండేది. ఇప్పుడు ఆమె అనుమానం వేరు: బ్యాలెట్‌తో పాటు ఓటరు సంతకం చేసిచ్చే డిక్లరేషన్ మీద పేరూ, బ్యాలెట్ నంబరూ రెండూ ఉన్నాయి కదా, ఎవరికి వేశానో తెలిసిపోతే పెన్షన్ ఆపేస్తారేమో అని. అడగాల్సిన ప్రశ్నే అది. లోపలి కవరులో బ్యాలెట్, బయటి కవరులో ఆ కవరూ, డిక్లరేషనూ ఉంటాయి. లెక్కింపు రోజు ముందు డిక్లరేషన్లు సరిచూసి, వాటిని వేరే ప్యాకెట్‌లో పెట్టి సీల్ వేస్తారు. ఆ తర్వాతే లోపలి కవర్లు తెరుస్తారు. ఆ సీలు మళ్లీ విప్పాలంటే కోర్టు ఉత్తర్వు కావాలి.

నిజానికి బూత్ ఓటర్లకే ఇంకో చిక్కుంది. ఈవీఎం ఓట్లు బూత్ వారీగా ఫారం 20లో, అంటే ఫలితాల పట్టికలో, వచ్చేస్తాయి. మన వీధి ఎటు మొగ్గిందో నాయకులకు తెలిసిపోతుంది. చాలా బూత్‌ల ఓట్లు కలిపి లెక్కపెట్టే టోటలైజర్ యంత్రం వాడాలని 2015లో లా కమిషన్ సిఫార్సు చేసినా, 2024లోనూ బూత్ వారీ లెక్కే నడిచింది. పోస్టల్ బ్యాలెట్లను మాత్రం నియోజకవర్గం మొత్తానికి ఒకేచోట లెక్కిస్తారు. ఇంటి దగ్గర వేసిన ఓటూ పోస్టల్ బ్యాలెట్ కిందే లెక్క, కాబట్టి అమ్మమ్మ ఓటు వాటిలో కలిసిపోయింది. ఇది చెప్పాకే ఆమె కుదుటపడింది.

మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లోపే 12డి ఇచ్చేయండి. అది ఒప్పుకున్నాక ఇక బూత్‌కి వెళ్లి వేయడం కుదరదు, కాబట్టి వాళ్లను అడిగే నింపండి. సిబ్బంది వచ్చినప్పుడు కెమెరా ఎటు తిరిగి ఉందో చూసుకోండి.