కిట్టుగాడి కోసం తెప్పిస్తున్న ఇంటి వంట: ఐదు నెలల తర్వాత నా రివ్యూ

బైరాగిపట్టెడ సైడ్ ఒక అక్క పిల్లులకి ఇంట్లోనే వండి ప్యాకెట్లు కట్టి ఇస్తారు, బోర్డు ఏం ఉండదు, వాట్సాప్‌లో చెప్తే చాలు. మే నెలాఖరు నుంచి మేము తెప్పిస్తా ఉన్నాం. తిరుపతిలో పిల్లుల్ని పెంచేవాళ్ళు ఎట్లుంది ఎట్లుంది అని అడుగుతానే ఉన్నారు కాబట్టి అంతా ఒకేసారి రాస్తున్నా.

ముందు ఎందుకు మొదలుపెట్టామో చెప్పాల. మా కిట్టు మగపిల్లి, ఐదేళ్ళు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, ఐదు కిలోలు ఉంటాడు. ఏప్రిల్‌లో ఒకరోజు పొద్దున్నుంచి ఇసుక పోసి పెట్టిన లిట్టర్ బాక్స్‌లోకి పోతాడు, కూర్చుంటాడు, లేస్తాడు, మళ్ళా పోతాడు, నేనేమో విరేచనం కావట్లేదేమో అనుకున్నా. మధ్యాహ్నం బాత్రూంలో కూర్చుని ముక్కుతా ఉంటే పోయి చూశా, తెల్ల టైల్ మీద ఒకే ఒక్క చుక్క, లేత గులాబీ రంగులో. కింద నాక్కుంటానే ఉన్నాడు, పొట్ట పట్టుకుంటే లోపల పెద్ద నిమ్మకాయంత గట్టిగా తగిలింది, నా చేతులు వణికిపోయినాయి. అమ్మ పాపం తనకి తెలిసిందే చెప్పింది, వేడి చేసింటుంది బార్లీ నీళ్ళు పట్టు, కొబ్బరి నీళ్ళు పట్టు అని. నేను ఏదీ పట్టకుండా బుట్టలో పెట్టుకుని ఆటో ఎక్కేశా, అదే మంచిదైంది. ఎందుకంటే మగపిల్లికి ఉచ్చ దారి చాలా సన్నగా ఉంటుందంట, అది మూసుకుపోతే రక్తంలో పొటాషియం పెరిగిపోయి గుండె ఆగిపోవచ్చంట, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. కొబ్బరి నీళ్ళ నిండా ఉండేదే పొటాషియం.

డాక్టర్ గారు మత్తిచ్చి ట్యూబ్ వేసి ఉచ్చ తీశారు, మూడు రోజులు అక్కడే ఉంచుకున్నారు. టెస్ట్‌లో స్ట్రువైట్ స్ఫటికాలు, అంటే ఉచ్చలో ఇసుకలాగా పేరుకుని రాళ్ళుగా మారేవి, అని తేలింది. అప్పటిదాకా వాడు తిన్నదంతా డ్రై ఫుడ్, పైన మా ఇంట్లో మిగిలిన పెరుగన్నం. డ్రై ఫుడ్‌లో నీళ్ళు నూటికి పది పాళ్ళు కూడా ఉండవు, పిల్లి జాతి ఎడారి నుంచి వచ్చింది కాబట్టి దానికి దాహం తక్కువ, గిన్నెలో నీళ్ళున్నా తాగదు, ఇంగ మన ఊరి ఎండలకి ఉచ్చ చిక్కబడక ఏమవుతుంది. అన్నం లాంటివి జాస్తి అయితే ఉచ్చ క్షారం వైపు పోతుందని, స్ట్రువైట్‌కి అదే కావాలని కూడా డాక్టర్ గారే చెప్పారు. మొదటి నెల ఆయన రాసిచ్చిన యూరినరీ డైటే పెట్టాం, స్ఫటికాలు కరిగినాయి, తర్వాత వీడు దాని వాసన చూసి పక్కకి పోవడం మొదలుపెట్టినాడు. నీళ్ళు బాగా ఉండే తిండి అయితే ఇంటి వంటకి మారొచ్చు, కానీ పోషకాలన్నీ లెక్కగా ఉండాల, నెలన్నరకోసారి ఉచ్చ టెస్ట్ చేయించాల అన్నారు.

అప్పుడు దొరికింది ఈ అక్క. నాకు నమ్మకం కుదిరింది ఎక్కడంటే, ఫోన్ చేసిన వెంటనే ధర చెప్పలేదు. "రిపోర్ట్ పంపమ్మా, ఏం రాళ్ళో చూడకుండా నేను వండను" అనింది. స్ట్రువైట్ అయితే తిండితో కరుగుతుంది, కాల్షియం ఆక్సలేట్ అయితే కరగదు, రెండింటికీ ఒకటే కూడు పెట్టకూడదు, అది తెలిసిన మనిషి. నేను యాడో విని, ఆపిల్ సైడర్ వెనిగర్ రోంత కలపమంటే ఒప్పుకోలేదు, పులుపు జాస్తి చేస్తే స్ట్రువైట్ పోయి ఆక్సలేట్ వచ్చి కూర్చుంటుంది, డాక్టర్ చెప్పకుండా అట్లాంటివి వేయను అనేసింది.

వంట నేను ఒకరోజు దగ్గరుండి చూశా. తోలు తీసిన చికెన్ లెగ్ ముక్కలు, గుండెకాయలు, లివర్ మాత్రం కొంచెమే, గుమ్మడికాయ ముక్క ఒకటి. ఉప్పు లేదు, పసుపు లేదు, ఉల్లి వెల్లుల్లి ఆ వంటగదిలోకే రానీదు, అవి పిల్లి రక్తాన్ని పాడు చేస్తాయి. ఉడికినాక ఎముకలన్నీ తీసేస్తుంది, మెత్తగా చేసి, కాల్షియం కోసం గుడ్డు పెంకు పొడి తూకం వేసి కలుపుతుంది. చల్లారినాక టౌరిన్ పొడి (మాంసంలో ఉండే, పిల్లికి తప్పనిసరిగా కావాల్సిన పోషకం), విటమిన్లు. టౌరిన్ లేకపోతే పిల్లి గుండె కండరం బలహీనపడుతుందని 1987లోనే బయటపడింది, మాంసం ఉడికిస్తే అది నీళ్ళలోకి దిగిపోతుంది, అందుకే ఆ ఉడికించిన నీళ్ళు ఒక్క చుక్క పారబోయదు, అన్నీ తిండిలోకే. ఫ్రిజ్‌లో పెడితే ఆ నీళ్ళు తాటిముంజెలాగా గడ్డకట్టి ఉంటాయి, రోంత వెచ్చ చేస్తే కరుగుతాయి. కిట్టు స్టీలు ప్లేటుని నాక్కుంటా నాక్కుంటా వంటింటి ఈ మూల నుంచి ఆ మూలకి తోసుకుంటా పోతాడు, ఆ గరగర శబ్దం వింటే నాకు కడుపు నిండినట్టే.

నూరు గ్రాముల ప్యాకెట్ 45 రూపాయలు. మావాడికి రోజుకి రెండు ప్యాకెట్లు, మూడు పూటలుగా పెడతా, పూటకి రెండు స్పూన్ల గోరువెచ్చని నీళ్ళు కలుపుతా. పిల్లికి కిలోకి సుమారు 50 మిల్లీలీటర్ల లెక్కన చూస్తే వీడికి రోజుకి 250 కావాల, ఇప్పుడు అందులో చాలావరకు తిండిలోనే పోతా ఉంది. నెలకి 2700 అవుతుంది, తక్కువేం కాదు. కానీ ఆ మూడు రోజుల ఆసుపత్రి బిల్లు కట్టిన చేతులతో ఇది ఇచ్చేటప్పుడు నాకు బాధ లేదు.

లోపాలు కూడా చెప్పాల. ప్యాకెట్ మీద మొదట్లో తేదీ కూడా ఉండేది కాదు, మూడుసార్లు అడిగితే ఇప్పుడు మార్కర్‌తో రాస్తా ఉంది, అందులో ఏమేం ఎంతెంత వేసిందో మాత్రం ఇప్పటికీ రాయదు. డాక్టర్‌కి చూపించాలంటే ఫోన్‌లో అడిగి నేనే రాసుకోవాల్సి వచ్చింది, రాళ్ళున్న పిల్లుల కోసం వండేటప్పుడు ఈ పని తప్పకుండా చేయాల అని ఆమెకే చెప్పినా. జూన్‌లో ఒకసారి మిట్టమధ్యాహ్నం పంపింది, అబ్బాయి ఎండలో రెండు గంటలు తిరిగి తెచ్చినాడు, విప్పితే పుల్లటి వాసన, నాలుగు ప్యాకెట్లూ పారేసినా. తెల్లారి వేరేవి పంపింది, డబ్బులు తీసుకోలేదు, అయినా ఆరోజు పూటకి వాడు పస్తు. పొద్దున తొమ్మిదిలోపు తెప్పించుకోండి, లేకుంటే ఐస్ బ్యాగ్ తీసుకుని మీరే పోండి. చేప ప్యాకెట్ మావాడు ముట్టలేదు, అది మీ పిల్లిని బట్టి.

ఫలితం అంటే, ఏప్రిల్‌లో ఉచ్చ చిక్కదనం రీడింగ్ 1.055, పోయిన నెల టెస్ట్‌లో 1.028 వచ్చింది, 1.030 కిందికి రావాలని డాక్టర్ గారు ముందునుంచీ అంటున్నదే. స్ఫటికాలు కనపళ్ళేదు. లిట్టర్ బాక్స్‌లో వాడు ఉచ్చ పోసిన చోట ముందు గోలీలంత ఉండల్లు వచ్చేవి, ఇప్పుడు నా పిడికిలంత ఉంటాయి, రోజూ లెక్కపెట్టుకుంటా. అయితే మీ మగపిల్లి ఇప్పుడు ఉచ్చ పోయలేక ముక్కుతా ఉంటే ఈ అక్కకి ఫోన్ చేయొద్దు, ఆ క్షణమే ఆసుపత్రికి పోండి, తిండి సంగతి తర్వాత.

వంట మంగళవారం, శుక్రవారం, ముందు రోజు రాత్రి ఎనిమిదిలోపు చెప్పాల. మామూలుగా శనివారాలు కూడా ఇస్తుంది గానీ పెరటాసి నెల (సెప్టెంబర్ మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా వచ్చే తమిళ నెల) శనివారాలు వాళ్ళింట్లో నీచు తీయరు, ఫ్రిజ్ కూడా తెరవరు. మొదటి వారం నాకది తెలియక ఇబ్బంది పడినా, ఆ నెలంతా శుక్రవారమే నాలుగు ప్యాకెట్లు ఎక్కువ తెచ్చి పెట్టుకోండి.